ఎడమ చెవి కొస, కుడి చెవి గాటు

ఎల్సీస్ రివర్, కేప్‌టౌన్
6 ఏప్రిల్ 1997, ఆదివారం

ద్రీకక్కకు,

ఇక్కడ నేను క్షేమమే, మోకాళ్ళు తప్ప. నీ మోకాళ్ళ సంగతి అడగను. అమ్మ మోకాళ్ళు నీకొచ్చాయి, నాన్నవి నాకొచ్చాయి. మనింట్లో పంపకాలు ఎప్పుడూ ఇంతే.

విషయానికొస్తాను. మా రోషెల్ నర్సుకు సాయం చేసే కోర్సు పూర్తిచేసింది. మే ఒకటిన ఇక్కడి ఆసుపత్రిలో చేరాలి. ఈలోగా ఎక్కడికైనా వెళ్ళి రావే అంటే, "కోకర్‌డ్రిఫ్ట్ వెళ్తా, పెద్దమ్మను చూస్తా" అని కూర్చుంది. ఏముందే అక్కడ, ఎడారి మధ్యన ఘరీప్ నది, ఒడ్డున నలభై ఇళ్ళు, అవతలి ఒడ్డున ఇంకో దేశం, ఇవతలి ఒడ్డున మేకలు, అన్నాను. "నువ్వు పుట్టావు కదమ్మా" అంది. నా నోరు మూయించడం వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకుంది.

స్ప్రింగ్‌బోక్ దాకా బస్సులో వస్తుంది, అక్కడినుంచి శుక్రవారం లారీ. నువ్వు చూసినప్పుడు దానికి పదకొండేళ్ళు. ఇప్పుడు ఇరవై రెండు, నీకంటే పొడుగు. పొద్దున తొమ్మిదికి ముందు లేవదు, గొడవ పెట్టుకోకు. మేకపాలు తాగదు. నదిలో దిగనివ్వకు. అమ్మ కట్టిన ఆ రెల్లుచాపల ఇంట్లో పడుకోబెట్టకు, తేళ్ళంటే భయం దానికి.

ముద్దు చేయి, మరీ చేయకు. నీ చేతి రొట్టె తిన్నవాళ్ళెవరూ తిరిగి ఇంటికి రాలేదు, నా పెళ్ళినాడు నీ దగ్గర వదిలిన మా కుక్కతో సహా. దాని నాన్న అబ్రాం పోయాక నాకున్నది ఈ పిల్ల ఒక్కతే. రెండు వారాలు, అంటే పద్నాలుగు రోజులు. అక్కడ నది ఎండితే గాని మీకు రోజులు గుర్తుండవు కాబట్టి రాస్తున్నాను.

నీ చెల్లెలు
లిస్బెట్


కోకర్‌డ్రిఫ్ట్
17 ఏప్రిల్ 1997

లిస్బెట్,

నీ ఉత్తరం, నీ కూతురు ఒకే లారీలో దిగారు. పిల్ల ముందు మాట్లాడింది, ఉత్తరం తరవాత చదివాను. అందుకే నువ్వు వద్దన్నవన్నీ అప్పటికే జరిగిపోయాయి.

మేకపాలు తాగదన్నావు. లారీ దిగి మూడు కప్పులు తాగింది. నీ ఇంట్లో పాలపేరుతో ఏం పోస్తున్నావో నాకు తెలియదు. తొమ్మిదికి ముందు లేవదన్నావు. నిన్న నేను లేచేసరికి దొడ్డి గేటు మీద కూర్చుని మేకలకు పేర్లు పెడుతోంది. ఒకదానికి నీ పేరు పెట్టింది. ఊరికే అరిచే మేక అది, సరిపోయింది.

సిమెంటు గదిలో పక్క వేస్తే ఊపిరాడదంది. అమ్మ చాప ఇంట్లోనే పడుకుంటోంది. తేలు కనిపిస్తే చెప్పుతో కొట్టి, చచ్చిందా లేదా అని వంగి చూస్తుంది. బుధవారం నాలుగు చినుకులు పడ్డాయి. చాపల రెల్లు తడిసి ఉబ్బి సందులన్నీ మూసుకుంటుంటే పిల్ల మధ్యలో నిలబడి పైకి చూస్తూ, "పెద్దమ్మా, ఇల్లు ఊపిరి బిగబట్టింది" అంది. అమ్మ ఉంటే ఆ మాటకు దాన్ని ఒళ్ళోకి లాక్కునేది. అమ్మ లేదు కాబట్టి నేను లాక్కున్నాను.

నదికీ తీసుకెళ్ళాను. మోకాలి లోతే, తిట్టకు. అవతలి ఒడ్డున గెర్ట్ మామ గాడిదకు నీళ్ళు పెడుతూ మమ్మల్ని చూసి టోపీ ఊపాడు. "వెళ్దాం పద" అంది. కాగితాలు కావాలే, అది నమీబియా అన్నాను. "రాయి విసిరితే తగిలే మామను చూడ్డానికి కాగితాలా?" అంది. నీలాగే ప్రతిదానికీ ఎదురు ప్రశ్న.

నవ్వితే అచ్చం నువ్వే. పక్కింటి సన్నా గోడమీంచి తొంగిచూసి "లిస్బెట్ వచ్చిందా?" అని అడిగింది. లేదమ్మా, ఆవిడకు తీరిక లేదు అన్నాను.

మేకలు ఈనే రోజులు. చేతినిండా పని.

అక్క
ద్రీకా


ఎల్సీస్ రివర్
27 ఏప్రిల్ 1997

ద్రీకక్కా,

క్షేమమా అని అడగను. నా కూతురు దగ్గరుంటే క్షేమానికేం.

నిన్న బస్సు వచ్చింది. నేను స్టాండులో నిలబడ్డాను. అందరూ దిగారు, కోళ్ళగంప కూడా దిగింది, రోషెల్ దిగలేదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే మీ ఊరి కొట్టునుంచి ఫోను. "అమ్మా, ఇంకొన్నాళ్ళు ఉంటా, మేకలు ఈనుతున్నాయి." మేకలు ఈనడానికి నా కూతురెందుకు? అది పుట్టకముందు మీ మేకలు ఈనలేదా? మూడు నిమిషాల ఫోనులో "పెద్దమ్మ" అన్న మాట పదకొండుసార్లు విన్నాను. "అమ్మా" రెండుసార్లు. అందులో ఒకటి "ఉంటానమ్మా". ఆ తరవాత "పెద్దమ్మ పిలుస్తోంది" అని పెట్టేసింది.

ఆసుపత్రికి వెళ్ళి మేట్రన్ కాళ్ళావేళ్ళా పడి జూన్ రెండుకు మార్పించాను. ఆవిడ నన్ను ఎలా చూసిందో నీకు తెలియదు.

నా దగ్గర చాయ్ కాయమంటే కాలు మీద కాలు వేసుకుని "నువ్వే బాగా కాస్తావమ్మా" అనే పిల్ల నీ దగ్గర తెల్లారకుండా పాలు పితుకుతోందట. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా. ఇరవై రెండేళ్ళుగా నేను పెరటి చెట్టును.

ఒక్క సంగతి అడుగుతాను. ఆదివారం తల ఎవరు దువ్వుతున్నారు? దాని జుట్టు గట్టి ఉంగరాల జుట్టు. చివరలు పట్టుకుని, కొంచెం కొంచెంగా పైకి దువ్వాలి. ప్రతి ఆదివారం చర్చికి ముందు వంటగది బల్ల దగ్గర నేనే దువ్వుతాను. ఇవాళ దువ్వెన బల్లమీద ఉంది, నేను ఎదురుగా కూర్చున్నాను. నాకు కుళ్ళుగా ఉంది అక్కా. అవును, కుళ్ళే. రాసేశాను, నవ్వుకో.

లిస్బెట్


కోకర్‌డ్రిఫ్ట్
8 మే 1997

లిస్బెట్,

తల నేనే దువ్వాను. చివరలు పట్టుకుని, కొంచెం కొంచెంగా పైకి. నీ తల దువ్వింది నేనే కదే, నువ్వు నేర్చుకున్నది ఎవరి చేతినుంచి? అయినా చేతులు నరుక్కోమంటావా చెప్పు, నరుక్కుంటాను, ఆ తరవాత రొట్టె నువ్వొచ్చి కాల్చు.

కుళ్ళు నీ ఒక్కదానికే రాసిచ్చారనుకోకు. ఇరవై రెండేళ్ళు నీ దగ్గరున్న పిల్ల పదహారు రోజులు నా దగ్గరుంటే నువ్వు దువ్వెన ముందు కూర్చున్నావు. నేను దేనిముందు కూర్చున్నానో ఎవరు అడిగారు?

సరే, వార్తలు విను. సోమవారం ఒక మేకకు పిల్ల అడ్డం తిరిగింది. నా వేళ్ళు కీళ్ళవాతంతో వంగవు. రోషెల్ చేతులు సబ్బుతో కడుక్కుని, "చదివింది మనుషుల గురించి, కానీ దారి ఒకటేగా" అంటూ లోపలికి పెట్టి తిప్పి తీసింది. గురువారాలు వచ్చే క్లినిక్ బండి నర్సు ఈ మాట విని, "ఈ పిల్లను నాకివ్వండి, మూడు ఊళ్ళకు నేనొక్కదాన్నే" అంది. నేనేమీ అనలేదు. అనడానికి నేనెవరిని, పిల్ల నాది కాదు కదా.

టమాటాలు ఈసారి బాగా కాశాయి. నది తగ్గింది, అవతలి ఒడ్డు మాటలు వినిపిస్తున్నాయి. గెర్ట్ మామ దగ్గు కూడా.

వెనకవైపు ఖాళీ ఉంటే రోషెల్ ఏదో రాస్తానంది. నేను చదవలేదు, కళ్ళద్దాల కాలు విరిగింది.

ద్రీకా

*అమ్మా, నేను రోషెల్‌ని. నేను తీసిన మేకపిల్లను పెద్దమ్మ నాకే ఇచ్చేసింది! "ఇది మీ ఇంటిదే, నీ దగ్గరుండనీ" అంది. నిన్న ఎవరి మేకో తెలిసేలా తన గుర్తు వేసింది. ఎడమ చెవి కొస కోసి, కుడి చెవికి కింద గాటు. నేను ఏడ్చాను, మేకపిల్ల ఏడవలేదు. ముద్దులు.*


ఎల్సీస్ రివర్
18 మే 1997

ద్రీకా,

అక్కా అని రాయడానికి చెయ్యి రాలేదు.

ఎడమ చెవి కొస, కుడి చెవికి కింద గాటు. ఇది ఎవరి గుర్తు? నాకు ఎనిమిదేళ్ళప్పుడు నాన్న కత్తి నా చేతికిచ్చి, తన చెయ్యి పైన వేసి, మొదటి మేకపిల్లకు నాచేత కోయించిన గుర్తు ఇది. నీది రెండు చెవుల కొసలూ చీల్చడం. నీది నీకుంది. నాది నువ్వెలా వేస్తావు? పైగా నా కూతురితో "తన గుర్తు" అనిపిస్తావా?

మనవాళ్ళలో ఒకరి చెవిగుర్తు ఇంకొకరికి ఎప్పుడు వస్తుంది? వాళ్ళు చచ్చాక. మట్టి వేసి వచ్చి, కత్తి కడిగి, అప్పుడు బిడ్డ చేతికిస్తారు. నేనింకా బతికే ఉన్నాను ద్రీకా. మోకాళ్ళు తప్ప అన్నీ పనిచేస్తున్నాయి.

నీ దగ్గర వదిలిన నా మేకలన్నిటినీ ఎనభై ఎనిమిది వరదలో నది తీసుకుపోయిందని రాసింది నువ్వే. ఆ ఉత్తరం ఇంకా నా దగ్గరుంది. అక్కడ ఇక నాదంటూ ఏమీ మిగల్లేదని నేను రాశాను. రాసి ఏడ్చాను. ఆ తరవాత నేను ఎందుకు రాలేదనుకున్నావు? ఏం చూడ్డానికి రావాలి? మిగిలిందల్లా ఆ గుర్తే, అది మేకల చెవుల మీద కాకుండా నా బుర్రలో ఉంది. దాన్ని కూడా తీసుకున్నావు. నన్ను చంపేసి నా స్థానంలో నువ్వు కూర్చుని, నా కూతురికి నా గుర్తుతో మేకనిచ్చి తల్లివైపోయావు. చూసి రమ్మని పంపితే ఇదా చేసేది? కంచే చేను మేసింది.

ఈ ఉత్తరం అందిన లారీలోనే రోషెల్‌ను ఎక్కించు.

లిస్బెట్


కోకర్‌డ్రిఫ్ట్
27 మే 1997

లిస్బెట్,

నీ ఉత్తరం కొట్టువాడి ముందు విప్పాను, అది నా తప్పు. వాడు నా మొహం చూసి ఎవరు పోయారని అడిగాడు.

మేక చెవి సంగతి ఇప్పుడు రాయను. కాగితం మీద తేలే విషయం కాదది. నువ్వొస్తే చూపిస్తాను, చూశాక ఏమైనా అను. రానంటావు, నీకు తెలిసిందే నిజమంటావు, సరే, అలాగే ఉంచుకో. నేను దొంగను కాను. దొంగతనం ఏమిటో ఎవరు చేశారో ఒకనాడు కూర్చుని మాట్లాడుకుందాం.

పిల్లను నేను కట్టేయలేదు. శుక్రవారం లారీ ఎక్కమన్నాను, ఎక్కనంది. "మీ ఇద్దరి పోట్లాట నాకు చెప్పకుండా నన్ను పార్సిల్లా పంపిస్తారా?" అంది. నీ కడుపున పుట్టింది కదా, నా మాట ఎందుకు వింటుంది.

చలి మొదలైంది. అమ్మ దుప్పటి దానికి కప్పుతున్నాను. దీనికి కూడా నీకు కోపం రావచ్చు.

ద్రీకా


ఎల్సీస్ రివర్
3 జూన్ 1997, మంగళవారం

ద్రీకా,

ఆదివారం దాకా ఆగలేక ఇవాళే రాస్తున్నాను.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. నేను గుర్తు అడిగితే నువ్వు చలి గురించి చెప్తావు. నేను దొంగ అనలేదు, ఆ మాట నువ్వే తెచ్చావు.

నిన్న జూన్ రెండు. రోషెల్ ఆసుపత్రికి రాలేదు. మేట్రన్ నన్ను పిలిచి, "ఆగస్టు ఒకటి ఆఖరు, ఆ తరవాత ఆ ఉద్యోగం ఇంకొకరిది" అంది. మళ్ళీ తల వంచుకుని బయటికొచ్చాను. నీ మేకపిల్ల విలువ అది.

ఇక నేను చేసింది చెప్తాను, తరవాత తెలియలేదనకు. ఊరిపెద్ద క్లూటీ తాతకు ఉత్తరం రాశాను. నా చెవిగుర్తు నేను బతికుండగానే వేరేవాళ్ళు వేస్తున్నారు, దొడ్డికి వచ్చి చూడమన్నాను. పేరు రాశాను. నీ పేరే.

ఇంకొక మాట. గొడ్రాలికి బిడ్డ ఆశ ఉంటుంది, కాదనను. కానీ ఇంకొకరి బిడ్డ తల దువ్వితే తల్లివి కావు.

లిస్బెట్


కోకర్‌డ్రిఫ్ట్
19 జూన్ 1997

లిస్బెట్,

నీ ఆఖరి మాట చదివి ఉత్తరం మడిచి పిండి డబ్బా కింద పెట్టాను. దాని సంగతి తరవాత. ముందు నీ ఫిర్యాదు సంగతి చెప్తాను, నీకు హక్కుంది.

శనివారం మధ్యాహ్నం క్లూటీ తాత, ఇంకో ఇద్దరు పెద్దలు వచ్చారు. రోషెల్ చాయ్ కాచింది. తాత చాయ్ ముట్టుకోలేదు. జేబులోంచి నీ ఉత్తరం తీసి, "ద్రీకా, మీ చెల్లెలు నీ మీద గుర్తు దొంగతనం మోపింది. ఏమంటావ్?" అన్నాడు. నేను లేచి దొడ్డి గేటు తీశాను.

తాత మొదటి మేక చెవి పట్టుకున్నాడు. ఎడమ చెవి కొస, కుడి చెవి గాటు. రెండోది పట్టుకున్నాడు, అదే. పళ్ళూడిపోయిన ముసలి మేకను పట్టుకున్నాడు, అదే. మొత్తం దొడ్డి తిరిగాడు. ఆఖరికి నడుం పట్టుకుని నిలబడి, "ఇదేంటే, ఒక్కదానికీ నీ గుర్తు లేదు! నీ మేకలేవి?" అని అడిగాడు.

"నదిలో పోయాయి తాతా, ఎనభై ఎనిమిదిలో."

"మరివి?"

"లిస్బెట్‌వి."

ఆయన పెద్దలవైపు తిరిగి అన్నాడు: "ఇంకొకరి మేకకు తన గుర్తు వేసేవాణ్ణి దొంగ అంటాం. తను మేపి, తను ఈనించి, తన దొడ్డిలో పుట్టినదానికి ఇంకొకరి గుర్తు వేసేదాన్ని ఏమంటామో నాకు తెలీదు. ఎనభై ఏళ్ళొచ్చాయి, ఇదే మొదటిసారి చూడ్డం. పదండి." చాయ్ అప్పుడు తాగారు, చల్లారినదే.

ఇప్పుడు విను. ఆ ఏడు ఇటువైపు గడ్డి లేక మన మేకలను గెర్ట్ మామ దగ్గరకు దాటించాను, అప్పటికి అవతలి ఒడ్డు వేరే దేశం కాలేదు. వరదొచ్చింది. నది తగ్గేసరికి మామ ఒక్కడే ఒడ్డున నిలబడి చేతులూపాడు, ఏమీ లేవని. ఆ రోజే నీకు రాశాను. అది నిజమే రాశాను. నాలుగు నెలల తరవాత కొండల వెనక ఎవరో పశువులకాపరులు చూసి, చెవులు గుర్తుపట్టి మామకు తోలారు. మామ పడవలో తెచ్చి దించాడు. అన్నీ నీవే. నావి ఒక్కటి కూడా లేదు. ఊళ్ళో ఉండి మేపినదాన్ని నేను, ఊరొదిలిపోయినదానివి నువ్వు, నది నీవి వదిలిపెట్టి నావి తీసుకుపోయింది. ఒడ్డున కూర్చుని ఏడ్చాను లిస్బెట్. మేకలు పోయినందుకు కాదు, నీవి మిగిలినందుకు.

నీకు రాద్దామని కాగితం కూడా తీశాను. పక్కనే నీ జవాబు ఉంది. "అక్కడ ఇక నాదంటూ ఏమీ లేదు" అని. అది మళ్ళీ చదివాను. ఏమీ లేదా? నేను లేనా? మేకలు పోతే కోకర్‌డ్రిఫ్ట్ పోయినట్టేనా నీకు? నాకు కడుపు మండిపోయింది. మేకల మీద కుళ్ళుకున్న ఆడదాన్ని నన్ను తప్ప ఎవరినీ చూసి ఉండవు. చెప్పను అనుకున్నాను. మేకలున్నాయంటే వాటికోసం వస్తుంది. లేవనుకుని కూడా వస్తే, నాకోసం వచ్చినట్టు. చూద్దాం అనుకున్నాను. తొమ్మిదేళ్ళు చూశాను.

ఏటా పిల్లలు పుట్టినప్పుడు కత్తి పట్టుకుని, ఈసారి నా గుర్తు వేద్దాం, ఎవరికి తెలుస్తుంది అనుకునేదాన్ని. చెవి పట్టుకోగానే చెయ్యి నీ గుర్తే వేసేది. కలంతో నీకు చెప్పకుండా దాచగలిగాను, కత్తితో అబద్ధం ఆడలేకపోయాను. వాటి పాలు తాగాను, మాంసం తిన్నాను, చర్మాలమ్మి పిండి కొన్నాను. అది కూడా నీదే తిన్నాను.

రోషెల్‌కు ఇచ్చినదీ నీదే. "మీ ఇంటిదే" అన్నాను, దానికెలా అర్థమవుతుంది? అత్త సొమ్ము అల్లుడు దానం చేశాను, మన్నించు.

పెద్దలు వెళ్ళాక పిల్ల నా ఎదురుగా కూర్చుని, "తొమ్మిదేళ్ళు అమ్మకు చెప్పలేదా? ప్రతి క్రిస్మస్‌కూ అమ్మ ఇక్కడి ఫోటో తీసి తుడిచి మళ్ళీ పెట్టేది, నీకు తెలుసా?" అంది. తెలియదు అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు సంచి సర్దుకుంది. నువ్వు ఏ లారీ అంటే ఆ లారీ ఎక్కిస్తాను. మేకలను అమ్మమంటే అమ్ముతాను, ఎవరికైనా ఇమ్మంటే ఇస్తాను.

నువ్వు అన్న ఆ మాట నిజమే. ఆశ ఉండేది. ఆదివారం ఆ తల దువ్వుతుంటే ఉండేది. అంతే.

ద్రీకా


ఎల్సీస్ రివర్
29 జూన్ 1997

ద్రీకక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివి తలుపు ధడాలున వేశాను, పక్కింటివాళ్ళు వచ్చారు. తొమ్మిదేళ్ళు! ఏటా మేకలు ఈనే రోజులకు వచ్చేదాన్ని కదే! రోషెల్ ఆ దొడ్డిలోనే పెరిగేది. రెండోసారి చదివి నేను రాసిన మాట దగ్గర ఆగిపోయాను. నాదంటూ ఏమీ లేదని రాసినప్పుడు నువ్వు ఉన్నావన్నది నాకు తట్టనేలేదు. నిజం చెప్తున్నాను, తట్టలేదు. నది ఉంటుంది, కొండ ఉంటుంది, అక్క ఉంటుంది అనుకున్నాను. ఉండేవాటిని చూడ్డానికి ఎవరైనా ప్రత్యేకం వెళ్తారా? మూడోసారి చదవడం పూర్తి చేయలేదు.

పిండి డబ్బా కింద పెట్టిన ఉత్తరం తీసి పొయ్యిలో పెట్టు. ఆ మాట రాసిన చెయ్యి నాదే, కానీ దాన్ని నేను మళ్ళీ చూడలేను. నాకు పిల్ల పుట్టినప్పుడు నువ్వు మూడు రోజులు లారీలు మారి వచ్చి, ఒక నెల నా గుడ్డలు ఉతికావు. అదీ రాయాల్సింది, ఇది కాదు.

క్లూటీ తాతకు వేరే ఉత్తరం రాశాను. తప్పు నాదేనని. ఆయన మొత్తం ఊరికి చదివి వినిపిస్తాడు, నాకు తెలుసు. చదవనీ.

ఇక విను. రోషెల్‌ను పంపకు. సంచి విప్పమను. నేనే వస్తున్నాను. జూలై పద్దెనిమిది, శుక్రవారం లారీ. మేట్రన్ దగ్గర ఈసారి నాకు సెలవు అడిగితే, "మీ ఇంట్లో ఇంకా ఎంతమంది ఉన్నారు ఆ ఊరికి వెళ్ళాల్సినవాళ్ళు?" అంది. (నేను అదే ఆసుపత్రి వంటగదిలో చేస్తున్నానని మర్చిపోయావా? అందుకే నాకు అంత సిగ్గేసింది.) ఆగస్టు ఒకటికి పిల్ల నాతో ఇక్కడికి వస్తుందో, అక్కడ ఆ క్లినిక్ బండి ఎక్కుతుందో అదే తేల్చుకోనీ. నేను అడగను. సరే, అడుగుతాను, కానీ ఒక్కసారే.

ఈ ఏడు మిగిలిన మేకపిల్లలకు చెవులు కోయకు. నేను వచ్చాక కోద్దాం. కత్తి నూరి ఉంచు. సగానికి నా గుర్తు నువ్వెయ్యి, అలవాటైన చెయ్యి. మిగతా సగానికి నీ గుర్తు నేనేస్తాను, రెండు చెవుల కొసలూ చీలిక, మర్చిపోలేదు. బతికున్న మనిషి తన మేకలకు బతికున్న అక్క గుర్తు వేస్తే దొంగతనం అవుతుందో కాదో తాతను అడిగి ఉంచు. ఆయనకు ఇంకో కొత్త విషయం.

ఒక్క కోరిక ఉంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని చెప్తాను. లారీ దిగగానే రోషెల్ ముందు నా దగ్గరికే రావాలి. నువ్వు పక్కన ఉంటే అది నీ మొహం చూసి, నా మొహం చూసి, ఎవరి దగ్గరికి ముందు వెళ్ళాలో తెలియక మధ్యలో నిలబడుతుంది. నేను చూడలేను. నువ్వు పొయ్యి చుట్టూ కట్టిన ఆ రెల్లు వంటదడిలో ఉండు. ఎక్కువసేపు వద్దు, అయిదు నిమిషాలు. ఆ తరవాత నేనే నీ దగ్గరికి వస్తాను.

నీ చెల్లెలు
లిస్బెట్


కోకర్‌డ్రిఫ్ట్
10 జూలై 1997

లిస్బెట్,

కత్తి నూరాను. రోషెల్ సంచి విప్పింది. ఉత్తరం పొయ్యిలో పెట్టాను, రొట్టె బాగానే కాలింది.

వంటదడిలోనే ఉంటాను. అయిదు నిమిషాలు, అంతకు ఒక్క క్షణం ఎక్కువ ఉండను. కానీ ముందే చెప్తున్నాను, ఈ నెలంతా వాన లేదు, దడి రెల్లు ఎండి సందులన్నీ తెరుచుకున్నాయి. లోపలే ఉంటానని మాటిస్తున్నాను. నువ్వు దిగడం చూడనని మాత్రం ఇవ్వలేను.

అక్క
ద్రీకా